పొగమంచులో మోడు చెట్ల ఫొటోలు బూడిదరంగులో, చదునుగా వస్తుంటే ఏం మార్చాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. సంక్రాంతి సెలవుల్లో లంబసింగి, చింతపల్లి వైపు వెళ్తున్నారు. నిరుడు అక్కడ పొగమంచులో ఆకు రాలిన చెట్లను తీస్తే బొమ్మలన్నీ మాసిన బూడిదరంగులో, లోతు లేకుండా వచ్చాయి. కంప్యూటర్‌లో డీహేజ్ (మసకను తగ్గించే సాధనం) వాడితే మంచు పోయింది కానీ కొమ్మల చుట్టూ తెల్లని అంచులు మిగిలాయి. మీ దగ్గర క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 18–55, 55–250 మిల్లీమీటర్ల లెన్సులు, ఒక ట్రైపాడ్ ఉన్నాయి. పొగమంచును ఛేదించే ఫిల్టరు ఏదైనా కొనాలా, లేక సెట్టింగుల్లోనే లోపం ఉందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఫిల్టరు కొనవద్దు. కెమెరాలోని వెలుతురు మీటరు చూపినదానికంటే సుమారు ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుతురు పడేంత, ఎక్కువ ఎక్స్‌పోజర్ ఇవ్వండి. ప్రధానమైన చెట్టుకు ఇప్పటికంటే చాలా దగ్గరగా నిలబడండి. ఆ ఉదయం మీకు ఎంత దూరం వరకు కనిపిస్తోందో, అందులో నాలుగో వంతు లోపల ఆ చెట్టు ఉండాలి. బూడిదరంగుకు మొదటిది మందు, చదునుతనానికి రెండోది. ఈ రెండింటిలో నేను రెండోదానికే ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే ఎక్స్‌పోజర్ తగ్గితే రా ఫైలులో (కెమెరా ఏ సవరణా చేయకుండా దాచే ఫైలు) కొంతవరకు సరిదిద్దుకోవచ్చు గానీ, తప్పు దూరంలో నిలబడి తీసిన చెట్టును ఏ సాఫ్ట్‌వేరూ దగ్గరకు తేలేదు.

విశాఖ మన్యంలోనూ, కృష్ణా గోదావరి డెల్టాల్లోనూ చాలా ఏళ్లుగా శీతాకాలపు ఉదయాల్లో చెట్లనే తీస్తున్నాను. ఆ అనుభవం నుంచి కారణాలు కూడా వివరిస్తాను. కారణం తెలిస్తే అక్కడికక్కడ నిర్ణయాలు తీసుకోవడం మీకే తేలికవుతుంది.

పొగమంచు అంటే గాలిలో తేలే సన్నని నీటి బిందువులు. చాలావరకు వాటి పరిమాణం 10 నుంచి 20 మైక్రాన్ల మధ్య ఉంటుంది. చెట్టు నుంచి మీ వైపు రావలసిన వెలుతురును అవి దారిలోనే చెదరగొడతాయి, అదే సమయంలో చుట్టూ ఉన్న తెల్లని వెలుతురును మీ కంటి వైపు మళ్లిస్తాయి. అందువల్ల నల్లని కొమ్మకు తెలుపు కలుస్తుంది. మీకూ చెట్టుకూ మధ్య ప్రతి కొన్ని అడుగులకూ ఒక పలుచని మల్లుగుడ్డ అడ్డం కట్టారనుకోండి; ప్రతి గుడ్డా అప్పటికి మిగిలిన కాంట్రాస్ట్‌లో (వెలుగునీడల తేడాలో) అంతే శాతాన్ని తీసేసుకుంటుంది. కాబట్టి దూరంతో పాటు కాంట్రాస్ట్ నెమ్మదిగా, సమానంగా తగ్గదు. మొదట్లోనే చాలా వేగంగా పడిపోతుంది.

దీనికి లెక్క ఉంది. విజిబిలిటీ, అంటే చూపు ఆనే దూరం, 1000 మీటర్లకంటే తగ్గితేనే వాతావరణ శాస్త్రజ్ఞులు దాన్ని పొగమంచు అంటారు. జర్మన్ శాస్త్రవేత్త కోష్‌మీడర్ 1924లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఆకాశం ముందు నిలిచిన నల్లని వస్తువు కాంట్రాస్ట్ 2 శాతానికి పడిపోయే దూరమే విజిబిలిటీ. ఆ సూత్రాన్ని చెట్లకు వర్తింపజేసి చూడండి. విజిబిలిటీ 200 మీటర్లు ఉన్న ఉదయం, 20 మీటర్ల దూరంలోని చెట్టుకు దాదాపు 68 శాతం కాంట్రాస్ట్ మిగులుతుంది. 50 మీటర్ల దగ్గర అది 38 శాతం, 100 మీటర్ల దగ్గర 14 శాతం మాత్రమే. అంటే సగం దూరంలో ఉన్న చెట్టు కంటికి స్పష్టంగా కనిపిస్తున్నట్టే ఉన్నా, బొమ్మలో దానికి మిగిలే నలుపు చాలా తక్కువ. మన కన్ను తనకు కావలసిన ఆకారాన్ని వెతికి పట్టుకుంటుంది, సెన్సర్ అలా చేయదు. మీరు నిరుడు తీసిన చెట్లు ఇలా సగం దూరంలోనో, ఇంకా అవతలో ఉండి ఉంటాయని నా అంచనా. నాలుగో వంతు అని నేను చెప్పే కొలత కూడా ఈ లెక్క నుంచే వచ్చింది. 38 శాతం కాంట్రాస్ట్ ఉంటే కాండం ముదురుగా, చిటారు కొమ్మలు విడివిడిగా నిలబడతాయి.

విజిబిలిటీని కొలవడానికి పరికరం అక్కరలేదు. రోడ్డు పక్కన కరెంటు స్తంభాలు ఉంటే ఎన్నో స్తంభం తర్వాత ఏమీ కనిపించడం లేదో చూసి, ఒక స్తంభం నుంచి మరొక స్తంభానికి అడుగులు లెక్కపెట్టుకోండి. స్తంభాలు లేని చోట, చెట్టు దగ్గర మొదలుపెట్టి అది పూర్తిగా కనుమరుగయ్యేదాకా వెనక్కి నడిచి, ఆ అడుగుల్లో నాలుగో వంతు మళ్లీ చెట్టు వైపు వేస్తే సరిపోదు, నాలుగింట మూడు వంతులు వేయాలి. అప్పుడు మీరు నిలబడినదే మొదటి ఫొటో తీయవలసిన చోటు. అక్కడి నుంచి ఇంకా ముందుకు వెళ్తారా, పక్కకు జరుగుతారా అన్నది చెట్టు ఆకారాన్ని బట్టి మీ ఇష్టం.

ఇక్కడ 55–250 లెన్సు గురించి ఒక అపోహను తొలగించాలి. టెలిఫొటో లెన్సు వాడితే పొగమంచు చిక్కగా వస్తుందని చాలామంది చెబుతారు. లెన్సుకు ఆ శక్తి లేదు. ఒకే చోట నిలబడి 55 మిల్లీమీటర్లతో తీసినా, 250తో తీసినా ఆ చెట్టుకూ మీకూ మధ్య ఉన్న మంచు అంతే. టెలిఫొటో చేతిలో ఉంటే మనం వెనక్కి వెళ్లి నిలబడతాం, అందువల్లే మంచు పెరుగుతుంది. ముందు దూరాన్ని నిర్ణయించుకోండి, ఆ తర్వాతే ఫ్రేముకు సరిపడే లెన్సును ఎంచుకోండి. 200 మీటర్ల విజిబిలిటీలో 20, 60, 120 మీటర్ల దగ్గర మూడు చెట్లు ఒకే ఫ్రేములో దొరికితే వాటి కాంట్రాస్ట్ వరసగా 68, 31, 10 శాతం అవుతుంది. మీరు కోల్పోయామంటున్న లోతు ఈ మెట్లలోనే ఉంటుంది. అలాంటి బొమ్మకు 18–55 లెన్సే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే దగ్గరి చెట్టుకు పక్కనే నిలబడి దూరపు చెట్లను కూడా ఫ్రేములోకి తీసుకోవచ్చు. ఒక్క చెట్టే, దాని వెనుక ఏమీ లేని తెల్లదనమే కావాలనుకున్నప్పుడు 55–250 బయటకు తీయండి.

ఇప్పుడు ఎక్స్‌పోజర్. కెమెరా మీటరు తనకు కనిపించేదంతా మధ్యరకపు బూడిదరంగే అన్న నమ్మకంతో లెక్క కడుతుంది. మామూలు దృశ్యాల్లో ఆ నమ్మకం సరిపోతుంది. ఫ్రేములో ముప్పాతిక భాగం తెల్లని మంచే ఉన్నప్పుడు మాత్రం, ఆ తెలుపును కూడా మధ్యరకపు బూడిదకు దించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +1 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. సూర్యుడున్న వైపు తిరిగి తీస్తుంటే మంచు ఇంకా ప్రకాశంగా ఉంటుంది కాబట్టి +1.3 నుంచి +1.7 వరకు అవసరం కావచ్చు. దగ్గరి చెట్టు మాను ఫ్రేములో సగం ఆక్రమించినప్పుడు +0.3 చాలు, ఎందుకంటే అక్కడ నలుపే మీటరును ఎదుటి దిక్కుకు లాగుతుంది. తెలిసిన పద్ధతి మరొకటి, నేను ఎక్కువగా వాడేది, స్పాట్ మీటరుతో (ఫ్రేములో ఒక చిన్న చోటును మాత్రమే కొలిచేది) చెట్టు పక్కనున్న ఖాళీ మంచును కొలిచి దానికి ఒకటిన్నర స్టాప్ కలిపి, మాన్యువల్‌లో పెట్టి వదిలేయడం. అలా చేస్తే ఫ్రేము మార్చినప్పుడల్లా వెలుగు మారిపోదు.

బొమ్మలో ఏ వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫు, హిస్టోగ్రామ్, చూస్తే పొగమంచు బొమ్మకు ఒక ఇరుకైన గుట్ట కనిపిస్తుంది. ఆ గుట్ట మధ్యగీతకు కుడివైపు, అయితే కుడి అంచుకు తగలకుండా ఉండాలి. ఎడమ అంచు దాకా ఏమీ లేదని కంగారుపడవద్దు; మంచులో నిజమైన నలుపు ఉండదు, ఉండాలని బలవంతపెట్టడం వల్లే డీహేజ్ దాకా వెళ్తాం.

ఫిల్టర్ల సంగతి కూడా ఇక్కడే ముగిస్తాను. ఎండాకాలపు దూరపు కొండల మీద కనిపించే నీలపు మసక వేరు, పొగమంచు వేరు. ఆ మసకలోని కణాలు చాలా చిన్నవి, నీలం వెలుతురునే ఎక్కువగా చెదరగొడతాయి, అందువల్ల నలుపు తెలుపు ఫొటోల్లో ఎర్ర ఫిల్టరు దాన్ని కొంత తగ్గించగలదు. పొగమంచు బిందువులు వెలుతురు తరంగదైర్ఘ్యం కంటే ఎన్నో రెట్లు పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. అది తెల్లగా కనిపించడానికి కారణమూ అదే. అందువల్ల ఏ రంగు గాజూ దాన్ని ఛేదించలేదు. పోలరైజరు తడి బెరడు మీది మెరుపును కొంచెం తగ్గిస్తుందే తప్ప మంచు మీద పనిచేయదు, పైగా ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు తినేస్తుంది. ఫ్లాష్ మాత్రం అసలు వెలిగించవద్దు. లెన్సు ముందున్న బిందువులన్నీ తెల్లని మచ్చలై ఫ్రేమంతా నిండుతాయి.

ఇక మీరు అడగకపోయినా చెప్పి తీరవలసిన విషయం ఒకటుంది. చలిదేశాల ఫొటోల్లో మోడు చెట్లు, పొగమంచు నెలల తరబడి కలిసి ఉంటాయి. మన దగ్గర అలా కాదు. చిక్కని మంచు మార్గశిర, పుష్య మాసాల్లో, అంటే హేమంతంలో కురుస్తుంది. ఆకురాలే కాలం మాఘ, ఫాల్గుణాల శిశిరం. టేకు, మోదుగ పూర్తిగా మోడువారేసరికి చాలాచోట్ల మంచు పలచబడిపోతుంది. సంక్రాంతి ముందువెనుకల మొదలై ఫిబ్రవరి మొదటి వారాల వరకు ఉండే ఆ చిన్న సంధికాలంలోనే రెండూ కలిసి దొరుకుతాయి. మీరు సరైన సమయానికే వెళ్తున్నారు, కానీ ఏ చెట్టు అప్పటికే ఆకు రాల్చి ఉంటుందో తెలుసుకుని వెతకాలి.

నా మొదటి ఎంపిక బూరుగ. జనవరి మధ్యకు చాలా బూరుగలు ఆకు రాల్చేసి ఉంటాయి, ఎర్రని పూలకు ఇంకా సమయం ఉంటుంది, కొన్నింటికి లావాటి మొగ్గలు మాత్రం కొమ్మల చివర కనిపిస్తాయి. నిటారైన మాను నుంచి కొమ్మలు అంతస్తులుగా, దాదాపు అడ్డంగా చాచుకుంటాయి కాబట్టి మంచులో ఒక్కో అంతస్తూ విడిగా చదవగలిగేలా నిలుస్తుంది. రెండోది గుంపెన, దాని కొమ్మలు లావుగా, మొద్దుగా, సన్నని రెమ్మలు తక్కువగా ఉంటాయి, అందువల్ల విజిబిలిటీ బాగా పడిపోయిన ఉదయం కూడా ఆకారం చెదరదు. దిరిశెన ఆకు రాల్చాక ఎండు కాయలు కొమ్మలకు వేలాడుతూ ఉండిపోతాయి. ఆ లేత గడ్డిరంగు కాయలు మంచులో దాదాపు కలిసిపోయి, దగ్గరికి వెళ్తేనే బయటపడతాయి. డెల్టాలో కాలువ గట్ల మీద నేను ఎక్కువగా తీసింది దిరిశెననే. ఊళ్లలో గుడి ఆవరణలోని దేవగన్నేరును కూడా మరచిపోవద్దు; ఆకు రాల్చినప్పుడు మొద్దుబారిన దాని కొమ్మలు మరే చెట్టులోనూ కనిపించని ఆకారం ఇస్తాయి.

తపసి చెట్టు గురించి విడిగా చెప్పాలి. గిరిజనులు తపసి బంక తీసేది దీని నుంచే. నల్లమలలోనూ, మన్యంలోనూ రాతి కొండవాలుల మీద పెరుగుతుంది, శీతాకాలంలో పూర్తిగా మోడువారుతుంది, బెరడు తెల్లగా, నున్నగా, పొరలు లేస్తూ ఉంటుంది. తెల్లని మంచులో తెల్లని చెట్టుకు ఇంతవరకు చెప్పిన లెక్కలేవీ నేరుగా వర్తించవు, ఎందుకంటే అక్కడ నలుపు మొదటే లేదు. నల్లమలలో అలాంటి ఒక చెట్టును తీయడానికి నేను ఎంచుకున్న దారి, దాని వెనుక తడి నల్లరాయి వచ్చేలా కిందికి దిగి, ఎక్స్‌పోజర్‌ను మీటరు చెప్పిన చోటే ఉంచడం. మంచు పలచగా ఉన్న ఉదయమే దానికి అనుకూలం. నల్లమల వెళ్లేవారు ఒకటి గమనించాలి: పులుల అభయారణ్యం గుండా వెళ్లే శ్రీశైలం రోడ్డు మీద రాత్రిపూట రాకపోకలు ఆపేస్తారు, కాబట్టి తెల్లవారకముందే చెట్టు దగ్గరికి చేరుకోవడం కుదరదు. అడవిలోపలికి అనుమతి లేకుండా దిగనూకూడదు.

మీరు వెళ్లే చోటికి తిరిగి వస్తాను. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది, జనవరిలో అక్కడ ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే కిందికి పడిపోవడం మామూలే. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేని రాత్రి నేల తన వేడిని వదిలేసుకుంటుంది, చల్లబడిన గాలి లోయల్లోకి జారి అక్కడే మంచుగా మారుతుంది. కాబట్టి సాయంత్రం ఆకాశంలో నక్షత్రాలు స్పష్టంగా ఉన్నాయి, చెట్టు ఆకు కదలడం లేదు అంటే అలారం పెట్టుకోండి. మబ్బు పట్టిన రాత్రి, గాలి వీచే రాత్రి మంచు మీద ఆశ తక్కువ. ఎత్తైన వ్యూపాయింట్లను వదిలి పల్లపు పొలాల వైపు, చెరువుల వైపు దిగండి. పాడేరు దగ్గరి వంజంగి కొండ చాలా అందమైనదే, కానీ అక్కడ మీరు మేఘాలకు పైన నిలబడతారు. మోడు చెట్టును తీయడానికి మంచు లోపల నిలబడాలి. అరకు కాఫీ తోటల్లోని సిల్వర్ ఓక్ చెట్లు ఏడాదంతా ఆకుతోనే ఉంటాయి కాబట్టి వాటి కోసం ఈ ప్రయాణాన్ని మళ్లించవద్దు.

జనవరిలో అక్కడ సూర్యోదయం 6:30 ప్రాంతంలో అవుతుంది. ముప్పావుగంట ముందే చెట్టు దగ్గర ఉండాలి. సూర్యుడు వచ్చీరాగానే మంచు పోతుందని తొందరపడి వెనుదిరగకండి. తొలి ఎండకు గాలి కొద్దిగా కదిలి, సూర్యోదయం తర్వాత అరగంటలో మంచు ఇంకా చిక్కబడడం తరచుగా జరుగుతుంది. ఆ తర్వాత అది పైకి లేస్తూ పలచబడే సమయం మరీ విలువైనది. అప్పుడు విజిబిలిటీ నిమిషనిమిషానికీ మారుతుంది, 200 మీటర్లు 400 అవుతాయి, ఇందాకటిదాకా ఒంటరిగా ఉన్న చెట్టు వెనుక మరో వరస బయటపడుతుంది. ఒకే చెట్టును ఎంచుకుని, ట్రైపాడ్ కదపకుండా ఆ గంటా అక్కడే ఉండమని నా సలహా. పది చెట్ల దగ్గరికి పరుగెత్తేవారికి ఈ మార్పు దక్కదు.

సంక్రాంతికి లంబసింగి కూడలిలో జనం, బండ్లు, చలిమంటల పొగ ఎక్కువగా ఉంటాయి. ప్రధాన రోడ్డు వదిలి ఊళ్ల వైపు నడిస్తే ప్రశాంతంగా పని చేసుకోవచ్చు. ఘాట్ రోడ్డులో మలుపు దగ్గర బండి ఆపి ట్రైపాడ్ పెట్టడం మాత్రం ప్రాణాంతకం. ఎదుటి డ్రైవరుకు మీరు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. పొలంలోకి దిగే ముందు అక్కడున్న రైతును అడగండి, స్ట్రాబెర్రీ మడుల మీద, కొత్తగా విత్తిన చాళ్ల మీద అడుగు వేయవద్దు. జపాన్‌లోని హొక్కైడో దీవిలో, బియేయి అనే ఊరి పొలాల మధ్య, ఒరిగి నిలిచిన ఒక పాప్లర్ చెట్టు ఫొటోగ్రాఫర్ల వల్ల ప్రపంచమంతా పేరు పొందింది. ఫొటోల కోసం జనం పొలాన్ని తొక్కడం ఆగకపోవడంతో, చెట్టు కూడా ముదిరిపోవడంతో, 2016లో ఆ రైతు దాన్ని తీసేయించారు. మన బూరుగలకు ఆ గతి పట్టించవద్దు.

చెట్టు ముందు నిలబడ్డాక చూడవలసింది కొమ్మలకు, వెనుకనున్న వాటికి మధ్య ఖాళీ. ఆకులున్న చెట్టు ఒక ముద్దలా కనిపిస్తుంది, దాని వెనుక ఏమున్నా పెద్ద తేడా రాదు. మోడు చెట్టు గీతలతో తయారైనది. వెనుకనున్న మరో చెట్టు గీతలు వాటిని దాటితే రెండూ చదవలేని చిక్కుముడి అవుతాయి. రెండడుగులు ఎడమకో కుడికో జరిగితే చాలాసార్లు ఆ చిక్కు విడిపోతుంది. మోకాళ్ల మీద కూర్చుంటే చెట్టు పైభాగం వెనుకనున్న కొండ గీత కంటే ఎత్తుకు లేచి, శుభ్రమైన మంచు మీదికి వస్తుంది. చింతపల్లి వైపు ఒక బూరుగ విషయంలో సమస్య ఇదే: నిలబడి చూస్తే కొండ అంచు సరిగ్గా దాని మూడో అంతస్తు కొమ్మ మీదుగా పోయేది. గట్టు దిగి నేలకు దగ్గరగా కెమెరా పెడితే కొండ కాండం వెనక్కి జారిపోయింది, కొమ్మలన్నీ విడిగా నిలిచాయి. ఆ బొమ్మలో ఎక్స్‌పోజర్ కంటే ఆ గట్టు దిగడమే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

ఫోకస్ గురించి కొంచెం చెప్పాలి. ఆటోఫోకస్‌కు కాంట్రాస్ట్ కావాలి, మంచులో దానికి అది దొరక్క లెన్సు ముందుకూ వెనక్కూ తిరుగుతూ ఉంటుంది. ఫోకస్ బిందువును మాను అంచు మీద పెట్టండి, కొమ్మల మధ్య కాదు. అది కూడా పట్టుకోకపోతే లైవ్ వ్యూలో బొమ్మను పెద్దది చేసి చేత్తో ఫోకస్ చేయండి, ఆ తర్వాత మాన్యువల్‌లోనే ఉంచండి. అపెర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్/8 చాలు. దాన్ని ఎఫ్/16 దాకా చిన్నది చేస్తే సెన్సర్ మీది ధూళి మచ్చలన్నీ ఆ ఖాళీ తెలుపులో నల్లచుక్కలుగా తేలుతాయి, వాటిని తుడవడానికే సాయంత్రమంతా పడుతుంది. ట్రైపాడ్ ఉంది కాబట్టి ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100 లేదా 200 పెట్టి, సూర్యోదయ సమయానికి ఎఫ్/8 దగ్గర 1/15 సెకను ప్రాంతంలో వచ్చినా భయపడనక్కరలేదు. ఇలాంటి మంచు గాలి లేనప్పుడే ఏర్పడుతుంది, కొమ్మలు కదలవు. రెండు సెకన్ల టైమరు వాడితే చాలు. గాలి మొదలైతే ఐఎస్ఓను 800కు పెంచి 1/60 తెచ్చుకోండి. వణికిన చిటారు కొమ్మ కంటే కొద్దిపాటి గ్రెయిన్ (చుక్కచుక్కల గరుకు) మేలు.

వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకుండా 5500 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టండి. తెల్లవారుజామున మంచు నీలంగా వస్తుంది, సూర్యుడు వచ్చాక వెచ్చబడుతుంది, ఆ మార్పు నిజమైనదే కాబట్టి ఉండనివ్వాలి. ఆటో దాన్ని ప్రతి ఫ్రేములోనూ వేర్వేరుగా చెరిపేస్తుంది.

తేమ విషయంలో చాలామంది తలకిందులుగా జాగ్రత్తపడతారు. వెచ్చని గదిలోంచి చలిలోకి వెళ్లేటప్పుడు లెన్సు మీద ఆవిరి పట్టదు. చల్లబడిన కెమెరాను వెచ్చని గదిలోకి తెచ్చినప్పుడు పడుతుంది. అందుకని బయట ఉండగానే కెమెరాను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసి, లోపలికి తెచ్చాక గంటసేపు తెరవకండి. మెమరీ కార్డు కావాలంటే ముందే తీసి జేబులో వేసుకోండి. డెల్టాలో, కోనసీమలో తీసేవారికి ఇది తలకిందులుగా జరుగుతుంది. ఏసీ గదిలోనో కారులోనో చల్లబడిన లెన్సు బయటి తడిగాలి తగలగానే మసకబారుతుంది, కాబట్టి అరగంట ముందే ఏసీ ఆపేయాలి. మంచులో నిలబడినప్పుడు లెన్సు హుడ్ తప్పక పెట్టండి, ముందు గాజును ప్రతి అయిదు నిమిషాలకూ చూసుకోండి. బొమ్మ ఉన్నట్టుండి మరీ మెత్తగా అనిపిస్తే అది మంచు అందం కాదు, గాజు మీది తడి.

కంప్యూటర్ పనిలో నేను పాటించే పద్ధతి ఇది. డీహేజ్, క్లారిటీ రెండూ పక్కపక్కనున్న వెలుగునీడల తేడాను పెంచుతాయి. తెల్లని నేపథ్యం మీద సన్నని నల్లగీత ఉన్నప్పుడు ఆ గీత పక్కనున్న తెలుపును ఇంకా తెల్లబరుస్తాయి, మీ కొమ్మల చుట్టూ వచ్చిన అంచులు అవే. మొత్తం బొమ్మ మీద ఆ రెండింటినీ సున్నా దగ్గరే వదిలేయండి. దగ్గరి చెట్టుకు మాత్రమే ఒక మాస్కు వేసి, కర్వ్‌తో దాని నలుపును కొద్దిగా కిందికి దించండి. దూరపు చెట్లను ముట్టుకోకండి, వాటి లేతదనమే బొమ్మకు లోతు. 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) కొలతలో దగ్గరి మాను 30–50 మధ్య, ప్రకాశవంతమైన మంచు 215–235 మధ్య ఉండేలా చూసుకుంటాను. మంచును 255 దాకా తీసుకువెళ్తే ప్రింటులో కాగితపు తెలుపుతో కలిసిపోయి, బొమ్మకు అంచు ఎక్కడో తెలియకుండా పోతుంది. రా ఫైలునే తీయండి, 16 బిట్లలోనే పని చేయండి. మంచులోని నెమ్మదైన వెలుగు మార్పులు 8 బిట్ల జేపెగ్‌లో చారలు చారలుగా విరిగిపోతాయి. చివర్లో చాలా సన్నని గ్రెయిన్ కలిపితే ఆ చారలు ఇంకా తగ్గుతాయి. స్నేహితులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే అది కుదించే పనిలో ఇదంతా వృథా అవుతుంది.

వెంట వచ్చేవారు ఫోనుతో తీస్తారు కాబట్టి వారి కోసం రెండు మాటలు. చెట్టు మాను మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుగును పైకి జరపాలి. దృశ్యాన్ని తనంతట తాను మెరుగుపరిచే ఏఐ సదుపాయాన్ని, హెచ్‌డీఆర్‌ను ఆపేయాలి, ఎందుకంటే అవి మంచును లోపంగా భావించి తొలగించబోతాయి. ప్రో మోడ్‌లో రా ఉంటే అదే వాడమనండి.

ప్రింటు వేయించే ఉద్దేశం ఉంటే మెరిసే కాగితం కంటే మ్యాట్ కాగితం ఎంచుకోండి. మంచు బొమ్మల్లో గాఢమైన నలుపు ఎటూ ఉండదు కాబట్టి మ్యాట్ వల్ల పోయేది తక్కువ, గదిలోని దీపాల ప్రతిబింబం ఆ లేత తెలుపుల మీద పడకుండా ఉండడం వల్ల కలిగే మేలు ఎక్కువ. పెద్ద సైజు వేయించే ముందు అదే కాగితం మీద చిన్న ముక్క ఒకటి తీయించి, ల్యాబులో కాకుండా మీ ఇంటి గోడ దగ్గర, పగటి వెలుతురులో చూడండి. దూరపు చెట్టు అందులో కనిపించకుండా పోతే, మంచు వెలుగును 235 నుంచి 220కి దించి మరోసారి తీయించండి.